వరి గట్ల మీద మిడత గుడ్లను ఎలా నాశనం చేయాలి?

వేసవిలో గట్టు గడ్డికి నిప్పు పెట్టి, మిడతల పీడ వదిలిందని చేతులు దులుపుకునే వాళ్లను ఏటా చూస్తున్నాను. గుడ్లు ఉండేది గడ్డిలో కాదు, మట్టిలో. పైన గరిక కాలుతుంది, కింద గుడ్లు నిక్షేపంగా ఉంటాయి.

నేను చెబుతున్నది వరి మిడత గురించి. పచ్చగా ఉంటుంది, మెడ మీద అడ్డంగా నల్ల గీతలు, వెనక పిక్కలు నీలం. ఏడాదికి ఒకటే తరం. కోతల వేళకి తల్లి మిడత పొట్ట చివర మట్టిలో గుచ్చి, నురుగులో గుడ్లు పెడుతుంది. నురుగు గట్టిపడి సంచిలా అవుతుంది. తొలకరి దాకా అవి అందులోనే ఉంటాయి. బయటికొచ్చిన పిల్లలు ముందు గట్టు గడ్డి తిని, తర్వాత వరిలోకి దిగుతాయి. అందుకే తినేసిన ఆకులు ముందు గట్టు వారనే కనిపిస్తాయి.

కావాల్సింది కొడవలి, తుమ్మ పిడి ఉన్న పార. వేరే పిడి వద్దు. మృగశిర రాకముందే, రోహిణి ఎండల్లో పని ముగించాలి. గడ్డి కోసి పశువులకు వేయండి.

ఇక చెక్కడం. అందరూ పాడు చేసేది ఇక్కడే. గట్టు పైభాగం, రెండు పక్కలు నాలుగు వేళ్ల మందం చెక్కాలి. పైపైన గీరితే సంచులు లోపలే మిగులుతాయి. మరీ లోతుకు పోతే గట్టు కూలి, నీళ్లు పక్క మడిలోకి పోతాయి.

చెక్కిన మట్టిని వెంటనే గట్టుకు మెత్తకండి. మొదట్లో నేనూ అదే చేశాను. గట్టు నున్నగా వచ్చిందని మురిశాను, జూలైలో అదే గట్టు మీద పిల్లలు చిటపటలాడాయి. గుడ్లను మళ్లీ నేనే పాతిపెట్టాను కదా! మట్టిని మడిలోకి లాగి, ప్రతి పెళ్లనూ పార వెనక్కి తిప్పి చితక్కొట్టండి. మట్టి ఉండలాంటిది పగిలి, లోపల బియ్యపు గింజల్లా పసుపు గుడ్లు వరసగా కనిపిస్తే అదే సంచి. పలచగా పరిచి ఎండనివ్వండి. గోరింకలు, కొంగలు వస్తే తోలకండి. గట్టు మెత్తడం నాట్ల ముందు మడికి నీళ్లు పెట్టి దున్నే దమ్ము వేళకు చూసుకోవచ్చు.

వానలు పడ్డాక గట్టు మీద నడిచి చూడండి. అడుగుకో పిల్ల ఎగురుతుంటే ఇక పార పక్కన పెట్టి, పొద్దున్నే చేతి వల పట్టుకుని తిరగడమే.