పిల్ల పాలు తాగట్లేదా? పాలపీక మార్చే ముందు ఒళ్లు పట్టి చూడండి

రోడ్డు మీద దొరికిన కుక్కపిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఒకటే. "నిన్నటిదాకా బాగానే తాగిందండీ, పొద్దున్నుంచి పీక నోట్లో పెడితే తోసేస్తోంది." నేను అడిగేదీ ఒకటే: ఒళ్లు వెచ్చగా ఉందా? అవతలివైపు మాట ఉండదు. పాలపొడి మార్చి ఉంటారు, పీక మార్చి ఉంటారు, యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి ఉంటారు. పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టి మాత్రం చూసి ఉండరు.

ఇదంతా నాలుగు వారాల లోపు పిల్లల సంగతి. పాలు కలపడం, సీసా మరిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: పీక పట్టట్లేదు, డల్‌గా ఉంది, సన్నగా మూలుగుతోంది

కారణం చాలాసార్లు చలి. "మేలో చలేంటి సార్" అని నవ్వకండి, నేనూ అలాగే నవ్వాను. కొన్నేళ్ల క్రితం కరీంనగర్‌లో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, ఇల్లు కడుతున్న చోట ఇసుక కుప్ప పక్కన మూడు పిల్లలు దొరికాయి. ఇంకా కళ్లు తెరవలేదు. అట్టపెట్టెలో పాత లుంగీ పరిచి హాల్లో పెట్టాను. రాత్రి అమ్మ చూసి, "పాపం రా, చిన్న ప్రాణాలు ఉడికిపోతున్నాయి" అని కూలర్‌ని వాటి వైపు తిప్పింది. తెల్లారి చూస్తే రెండు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి, మూడోది మూలన విడిగా ఉంది. ఆకలికి నీరసపడిందనుకుని సిరంజితో నోట్లో పాలు పోశాను. ముక్కులోంచి బయటికొచ్చాయి. మధ్యాహ్నానికి పోయింది. దాన్ని చంపింది కూలర్ ఒక్కటే కాదు, నేను పోసిన పాలు కూడా.

ఈ వయసులో పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. వణకడం కూడా చేతకాదు. మొదటి వారంలో దాని టెంపరేచర్ 95 నుంచి 99 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 95 కన్నా తగ్గితే పేగులు కదలడం ఆగిపోతుంది, లోపలికెళ్లిన పాలు అరగక పులిసిపోతాయి. మింగే శక్తి కూడా తగ్గి పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంటే పిల్ల పీక వద్దంటోందంటే పాలు నచ్చక కాదు, తాగే స్థితిలో లేక.

మన ఇళ్లలో ఈ చలి దొంగచాటుగా వస్తుంది. గదిలో 34 డిగ్రీలున్నా పెట్టె కింద గ్రానైటో టైల్సో ఉంటే పొట్ట వేడి కిందికి లాగేస్తుంది. లుంగీ ఉచ్చతో తడిసి, పైన ఫ్యాన్ తిరుగుతుంటే ఇక చెప్పక్కర్లేదు. మట్టి కొట్టుకుని ఉందని తెచ్చిన రోజే స్నానం చేయిస్తారు కొందరు, అది ఇంకా ఘోరం. అన్నిటికన్నా మాయదారిది వేడినీళ్ల సీసా. రాత్రి పదకొండుకి వెచ్చగా పెట్టి మీరు పడుకుంటారు. రెండింటికల్లా అది చల్లారిపోయి, పిల్ల వేడిని అదే లాక్కుంటూ ఉంటుంది.

పరిష్కారం: మామూలు డిజిటల్ థర్మామీటర్ కొనకి కాస్త కొబ్బరినూనె రాసి, మలద్వారంలో అర అంగుళం లోపు పెట్టి చూడండి. "లో" అని పడితే బ్యాటరీ అయిపోయిందనుకోకండి, పిల్ల వేడి ఆ థర్మామీటర్ కొలవగలిగినదాని కన్నా తక్కువుందని అర్థం. థర్మామీటర్ లేకపోతే నోట్లో వేలు పెట్టండి. నోరు చల్లగా ఉంటే పాల సంగతి మర్చిపోండి.

ముందు పిల్లని మీ చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఆలోగా నీళ్లు కాచి సీసాలో పోసి, రెండు మడతల టవల్ చుట్టి, పెట్టెలో ఒక సగానికే పెట్టండి. వేడెక్కువైతే పిల్ల పక్కకి జరగడానికి చోటుండాలి. పెట్టె కింద గోనెసంచో దుప్పటో మడిచి వెయ్యండి. ఒళ్లు వెచ్చబడటానికి గంట నుంచి మూడు గంటలు పడుతుంది, తొందరపడొద్దు. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం, వేడినీళ్లలో ముంచడం వద్దు. ఒక్కసారిగా వేడెక్కితే గుండె తట్టుకోలేదు. ఈలోపు గోరువెచ్చటి గ్లూకోజ్ నీళ్లు ఒకటి రెండు చుక్కలు చిగుళ్లకి రాయండి, అంతే. థర్మామీటర్ 96 దాటి, వేలు పెడితే చీకడం మొదలెట్టాక పాలు. అదీ మామూలుగా పట్టేదాంట్లో సగం. పిల్లని బోర్లా ఉంచి, తల కాస్త ఎత్తి పట్టాలి. పసిపాపలా వెల్లకిలా పడుకోబెట్టి పడితే మళ్లీ ముక్కులోంచే.

మూడు గంటలైనా 95కి రాకపోతే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి, దారిలో కూడా చొక్కాలోనే ఉంచుకుని.

సమస్య: వెచ్చగానే ఉంది, తాగుతోంది, అయినా ఏడుపు ఆపదు

సీసా తలకిందులు చేయండి. పాలు చుక్క చుక్కగా పడాలి. ధారగా పడితే పీక రంధ్రం పెద్దది, పడకపోతే చిన్నది. పొట్ట బిగుసుకుని ఉంటే ఉచ్చ పోయించడం మర్చిపోయారు. ఈ వయసులో తల్లి నాకితేనే వస్తుంది, తల్లి లేదు కాబట్టి పాలకి ముందూ వెనకా తడి దూదితో ఉచ్చ పోసే చోట రుద్దాలి. ఇంట్లో ఇద్దరు చూసుకుంటుంటే ఎదుటివాళ్లు చేసుంటారని ఇద్దరూ వదిలేస్తారు.

సమస్య: అన్నీ చేస్తున్నా ఎదగట్లేదు

వంటింటి త్రాసు మీద రోజూ ఒకే టైముకి తూయండి. ముందురోజు బరువు మీద 5 నుంచి 10 శాతం పెరగాలి. బరువు తగ్గిందంటే ఆ రోజే డాక్టర్. ఉత్త ఆవుపాలు పడుతుంటే కారణం వెతకక్కర్లేదు, కుక్కపాలల్లో ఉన్నంత కొవ్వు, మాంసకృత్తులు దాంట్లో లేవు.

మిగతావి అరుదు. మొదటి రోజు నుంచీ ముక్కులోంచి పాలొస్తుంటే టార్చ్ వేసి అంగిలి చీలి ఉందేమో చూడండి. చిగుళ్లు తెల్లగా పాలిపోతే గోమార్లో, పేలో, నులిపురుగులో. దువ్వెనతో దువ్వి తీయండి, పౌడర్లు చల్లకండి. నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచి, డోసు డాక్టర్ చెప్పినంతే.

సమస్య: నిద్రలో కాళ్లు కొట్టుకుంటోంది, ఫిట్సా?

కాదు. రాత్రి ఒంటిగంటకి ఈ ఫోన్ చేయకండి. పొట్ట నిండి, వెచ్చగా పక్కపక్కన పడుకున్న పిల్లలు నిద్రలో ఉలిక్కిపడతాయి, మూతి ఆడిస్తాయి, లేని పీకని చీకుతాయి. నాకైతే ఆ మూతులు చూస్తూ అరగంట ఇట్టే గడిచిపోతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దలా ఉంటే చలేస్తోందని, విడివిడిగా పడి రొప్పుతుంటే ఉక్కపోస్తోందని. ఒక్కటే కదలకుండా మూలన ఉంటే మాత్రం ఎంత రాత్రయినా లేచి ఒళ్లు పట్టి చూడండి, అప్పుడు చేయండి ఫోన్.