అక్వినాస్‌ను మధ్యలోంచి చదవండి

డొమినికన్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన సన్యాసి థామస్ అక్వినాస్ రాసిన క్రైస్తవ వేదాంత గ్రంథం 'సుమ్మా థియలాజియే' తెరిచినవాళ్లు బోల్తా పడేది మొదటి పేరాలోనే. మొదటి భాగం, 2వ ప్రశ్న, 3వ ఆర్టికల్ తీయండి: దేవుడున్నాడా? మొదలే 'లేడనిపిస్తోంది' అని ఉంటుంది. అది ఆయన మాట కాదు, పూర్వపక్షం, అంటే తర్వాత ఖండించడానికి ముందుగా చెప్పే ఎదుటివాళ్ల ఆక్షేపణ. మన శాస్త్రగ్రంథాలు తిరగేసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. ఇక్కడ పూర్వపక్షాలు రెండు: లోకంలో చెడు ఉంది కదా అన్నది ఒకటి; అన్నిటికీ ప్రకృతి, మనిషి బుద్ధి, ఇచ్ఛ చాలవా అన్నది రెండోది.

'దీనికి విరుద్ధంగా' అన్నచోట బైబిల్లోని నిర్గమకాండం 3:14 వస్తుంది. అది ప్రమాణ వాక్యం, అంతే. వాదన ఇంకా మొదలవలేదు. 'నా సమాధానం' అన్నచోటికి నేరుగా వెళ్లండి, దేవుడున్నాడని చూపే ప్రసిద్ధమైన ఐదు వాదనలు, అంటే 'ఐదు మార్గాలు', అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత వెనక్కొచ్చి మొదటి ఆక్షేపణను చివరనున్న మొదటి జవాబుతో, రెండోదాన్ని రెండో జవాబుతో జతకట్టి చదవండి. వరసగా వెళ్తే జవాబు దగ్గరికొచ్చేసరికి ఆక్షేపణ గుర్తుండదు.

వ్యాసంలో ఉటంకించేటప్పుడు 1.2.3 (భాగం, ప్రశ్న, ఆర్టికల్) అని ఆపేయకండి. 'ఆక్షేపణ 1' లేదా 'జవాబు 1' అని చేర్చండి. లేకపోతే ఆయన ఖండించిన మాటనే ఆయనకు అంటగట్టినట్టవుతుంది.