మెరైన్ ట్యాంక్‌కి కానిస్టర్ సరిపోవట్లేదా? సంప్, స్కిమ్మర్‌కి ఇలా మారండి

నాలుగడుగుల మెరైన్ ట్యాంకు, అందులో రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒకట్రెండు డామ్సెల్స్, కింద కానిస్టర్ ఫిల్టరు (నీళ్ళు లోపలికి లాగి వడకట్టి పంపే మూసిన డబ్బా). నీళ్ళు పైకి తేటగానే ఉంటాయి కానీ టెస్ట్ కిట్ పెడితే నైట్రేట్ 50 పీపీఎం (లీటరుకి 50 మిల్లీగ్రాములు) దాటేసి ఉంటుంది, రాళ్ళ నిండా నాచు. షాపుకెళ్తే ఇంకో పెద్ద కానిస్టర్ తీస్కోమంటారు, తీస్కోకండి. కానిస్టర్ చెత్తని పట్టుకుంటుంది నిజమే, కానీ పట్టుకుని లోపలే పెట్టుకుంటుంది, అది అక్కడే కుళ్ళి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేసి, తర్వాత నైట్రేట్ చేసి వదిలేస్తుంది, ఇక ఆ నైట్రేట్ నీళ్ళు మారిస్తే తప్ప పెద్దగా పోదు. కాబట్టి మనక్కావాల్సింది చెత్త కుళ్ళకముందే నీళ్ళలోంచి బయటికి లాగే ఏర్పాటు.

ఖర్చు లేని పని ముందు చేయండి. కానిస్టర్‌లో స్పాంజిని నెలల తరబడి వదిలేయకుండా వారానికోసారి తీసి పిండండి. బ్యాక్టీరియా ఉండే సిరామిక్ రింగుల్ని మాత్రం కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోతుంది, వాటర్ చేంజ్‌లో తీసిన ఉప్పునీళ్ళలోనే ముంచి తీయండి చాలు. కొన్ని ట్యాంకులకి ఈ ఒక్కదానితోనే చాలా తేడా కనిపిస్తుంది.

అయినా నైట్రేట్ దిగకపోతే సంప్ కట్టించుకోండి, అంటే ట్యాంకు కింద పెట్టే ఇంకో ట్యాంకు, పైనుంచి నీళ్ళు అందులోకి దిగి శుభ్రమై పంపుతో మళ్ళీ పైకెళ్తాయి. ఇక్కడ అందరూ ఏ మీడియా (బ్యాక్టీరియా పట్టే రింగుల్లాంటివి) వేయాలా అని ఆలోచిస్తారు గానీ అసలు ఆలోచించాల్సింది కరెంటు పోతే ఏమవుతుందని. పంప్ ఆగగానే పైన ట్యాంకులో కొంత నీరు కిందికి దిగుతుంది, 4 అడుగుల పొడవు 1.5 అడుగు వెడల్పున్న ట్యాంకులో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే దాదాపు 5.5 లీటర్లు, అంటే 3 సెంటీమీటర్లు దిగితే 16 లీటర్లు పైనే. ఆ నీళ్ళు పట్టేంత ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉండాలి, లేకపోతే హాలంతా ఉప్పునీళ్ళే. నీళ్ళని మళ్ళీ పైకి తెచ్చే రిటర్న్ పైపు మూతి నీటి మట్టానికి దగ్గరగా పెట్టండి, లోతుగా ముంచితే అది కూడా వెనక్కి లాగేస్తుంది. నీళ్ళు సంప్‌లోకి దిగడానికి ట్యాంకుకి రంధ్రం వేయించాలంటే అది టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) గ్లాసా కాదా ముందు కనుక్కోండి, టఫెన్డ్ అయితే డ్రిల్ పెట్టగానే మొత్తం పగిలిపోతుంది.

సంప్‌లో గదులు మూడు చాలు. నీళ్ళు పడే చోట ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) గానీ ఫ్లాస్ (దూది లాంటి పొర) గానీ పెట్టి మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి, మార్చే ఓపిక లేకపోతే అసలు పెట్టకపోవడమే మేలు, లేదంటే మళ్ళీ కానిస్టర్ కథే. మధ్య గదిలో స్కిమ్మరు, చివర్లో రిటర్న్ పంపు. పంపు గంటకి ట్యాంకు నీళ్ళకి నాలుగైదు రెట్లు తిప్పితే సరిపోతుంది, కాకపోతే డబ్బా మీద రాసిన అంకె నమ్మొద్దు, ఎత్తుకి తోసేటప్పుడు బాగా తగ్గిపోతుంది.

ఇక ప్రొటీన్ స్కిమ్మర్, డబ్బులు పెట్టాల్సింది దీని మీదే. వైజాగ్ బీచ్‌లో అలలు బాగా ఎగిసినప్పుడు ఒడ్డున నురగ పేరుకుంటుంది చూడండి, అదే పని ఇది డబ్బాలో చేస్తుంది, సన్నటి గాలి బుడగలకి కరిగిన వ్యర్థాలు అంటుకుని నురగై పైన కప్పులోకి ఎక్కుతాయి. స్కిమ్మర్ ఎంత లోతు నీళ్ళలో కూర్చోవాలో కంపెనీ వాళ్ళు చెప్తారు, మధ్య గదిలో నీటి మట్టం అక్కడే నిలబడేలా అడ్డు గ్లాసు ఎత్తు పెట్టించండి. కొత్తలో వారం పది రోజులు సరిగ్గా నురగ రాదు, లేదా ఊరికే పొంగుతుంది, కంగారు పడి రోజూ దాని నాబ్ తిప్పుతూ కూర్చోకండి. వాటర్ కండిషనర్ (క్లోరిన్ పోగొట్టే మందు) వేసిన రోజు కూడా పొంగుతుంది. కప్పు మెడకి పట్టిన జిడ్డు వారానికోసారి తుడవకపోతే నురగ పైకెక్కదు.

బ్యాక్టీరియా ఇంటికి లైవ్ రాక్ (సముద్రంలోంచి తీసిన, జీవం ఉన్న పగడపు రాయి) మంచిదంటారు, కానీ మన సముద్రంలో పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఎవరో రామేశ్వరం నుంచి తెచ్చామని పగడపు రాయి అమ్మితే కొనొద్దు. డ్రై రాక్, సిరామిక్ మీడియా వేస్కుంటే కొంచెం టైం పడుతుంది అంతే.

ఇంత పెట్టి బోరు నీళ్ళలో ఉప్పు కలిపితే మొత్తం దండగ. ఇంట్లో తాగే ఆర్‌ఓలో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటే అది మామూలు నీళ్ళు కొంచెం కలుపుతుంది, దాన్ని మూసేసి చివర్లో డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే గుళికలు) పెట్టి టీడీఎస్ మీటర్‌లో సున్నా వచ్చేదాకా చూడండి. ఆవిరైన నీటికి బదులు పోసేది మాత్రం ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్ళే, ఎండాకాలంలో ఫ్యాన్ పెడితే రోజూ పోయాల్సి వస్తుంది.

ఇన్వర్టర్ మీద వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్ళని కదిలించే చిన్న పంపు) ఒక్కటైనా పెట్టుకోండి, ఆక్సిజన్ ముఖ్యం. ప్లగ్గులన్నీ నీటికి ఎత్తులో ఉండాలి, ఆ లైనుకి ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి.

సంప్ ఆన్ చేసిన రోజే కానిస్టర్ పీకేయకండి. ఓ నెల రెండూ కలిపి నడపండి, ఆ తర్వాత రింగుల్ని కొంచెం కొంచెంగా సంప్‌లోకి మార్చండి, మార్చిన ప్రతిసారీ రెండు మూడు రోజులు అమ్మోనియా, నైట్రైట్ చూడండి, రెండూ సున్నా ఉంటేనే మిగతావి కదపండి.