చెరువులో నీటికుక్క పడిందా? ముందు దొంగ అదేనో కాదో తేల్చుకోండి

గట్టు మీద సగం తిన్న బొచ్చె చేప ఒకటి కనబడితే చాలు, సాయంత్రానికల్లా ఆ ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది, రాత్రికి ఎవరో ఒకాయన ఉచ్చులు పెట్టమనో లైను మీంచి కరెంటు లాగమనో సలహా ఇచ్చేస్తాడు. ఆ సలహాలు నేనూ విన్నాను. మాది రెండెకరాల చెరువు, పక్కనే డ్రెయిను, ఆదివారాలు గాలాలు పట్టుకుని వచ్చే స్నేహితులు ఓ నలుగురైదుగురు. ఒక ఏడాది పట్టుబడిలో (అమ్మకానికి చేపలన్నీ పట్టేటప్పుడు) లెక్క బాగా తగ్గింది, అందరూ కలిసి నింద నీటికుక్క మీద వేశారు. సరే చూద్దామని తూము దగ్గర ఒక కెమెరా కట్టాను. పదిహేను రాత్రుల్లో నీటికుక్కలు మూడు రాత్రులు పడ్డాయి, విసురు వలతో వచ్చిన ఇద్దరు మనుషులు ఆరు రాత్రులు పడ్డారు. అందుకే కంచె గురించి తర్వాత చెబుతాను, ముందు దొంగని పట్టండి.

తెల్లారకముందే గట్టు చుట్టూ ఒక రౌండు తిరగండి, ఎండ ముదిరాక వెళ్తే అడుగులు చెరిగిపోతాయి. తూము పక్కన, గట్టు మూలల్లో, రాళ్ళ మీద పెంట కోసం చూడండి. నీటికుక్కలు గుంపు మొత్తం ఒకే చోటికొచ్చి వేస్తాయి. అందులో పొలుసులు, ముళ్ళు స్పష్టంగా కనబడతాయి, నీచు కంపు కొడుతుంది, ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు. బురదలో అడుగైతే వేళ్ళు లెక్కపెట్టండి. ఐదు వేళ్ళుంటే నీటికుక్క (ముంగిసకీ ఐదే, కానీ దాని అడుగు బాగా చిన్నది). నాలుగు వేళ్ళు, గోళ్ళ గుర్తులుంటే ఊరకుక్కో నక్కో. నాలుగు వేళ్ళుండి గోళ్ళ గుర్తులు లేకపోతే పిల్లి జాతి, గోదావరి డెల్టాలో మడ అడవుల దగ్గరైతే అది బావురుపిల్లి కావచ్చు (దాని గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, గుర్తులు పడినా పడొచ్చు). తిన్న తీరు కూడా చెబుతుంది. నీటికుక్క చిన్న చేపని నీళ్ళలోనే నమిలేస్తుంది, పెద్దదాన్ని గట్టుకి లాక్కొచ్చి తిని తోకో వెన్నుముల్లో వదిలేస్తుంది. నీటికాకి మింగేసి పోతుంది, ఆనవాలే ఉండదు. కొంగ దెబ్బ తిన్న చేప బతికినా వీపు మీద పొడిచిన గాయం కనబడుతుంది.

ఇంకో దొంగ ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మబ్బు పట్టి గాలి లేని రాత్రి తర్వాత, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే అది ప్రాణవాయువు తగ్గడం. అలాంటప్పుడు ముందు చచ్చేవి పెద్ద చేపలే. చచ్చిన చేపని తర్వాత కుక్కో కాకో పీక్కు తింటే, ఉదయం మీకు కనబడేది ఏదో జంతువు సగం తిన్న చేప మాత్రమే. మొప్పలు, కళ్ళు చూడండి, రాత్రెప్పుడో చచ్చిన చేపకీ ఇప్పుడే పట్టుకున్న చేపకీ తేడా తెలుస్తుంది.

సరే, నీటికుక్కే అని తేలిందనుకుందాం. మన డెల్టాలో, కోరింగ మడ అడవుల వైపు కనబడేది నున్నటి బొచ్చున్న రకం, పెద్దది ఏడు నుంచి పదకొండు కిలోలు తూగుతుంది, కుటుంబంగా తిరుగుతుంది. ఒక్కోటి రోజుకి సుమారు కిలో చేప తింటుంది. నాలుగు కలిసి పది రాత్రులు వస్తే నలభై కిలోలు, దాన్ని మీ రేటుతో గుణించుకోండి. తక్కువేం కాదు, అలాగని చెరువు ఊడ్చుకుపోయేంతా కాదు. ఈ లెక్క ఎందుకంటే, ఆరు నెలల్లో ఇరవై వేల నష్టానికి లక్షన్నర కంచె కట్టి తర్వాత నెత్తి బాదుకున్నవాళ్ళు ఉన్నారు. అదే కొర్రమీనో, గాలం వేసేవాళ్ళ కోసం ఏళ్ళ తరబడి పెంచిన పెద్ద బొచ్చెలో ఉంటే లెక్క వేరు, ఎందుకంటే పదిహేను కిలోల చేప ఒక్కటి పోతే మళ్ళీ డబ్బు పెట్టి కొనలేం.

ఇంగ్లండులో గాలం వేసేవాళ్ళ గోల అంతా ఇదే. అక్కడ కార్ప్ (మన బొచ్చె కుటుంబం చేప) చెరువుల్లో పెద్ద చేపలకి పేర్లు కూడా పెట్టుకుంటారు, ఒక్కదాన్ని పట్టి, ఫొటో దిగి, వదిలేయడానికి ఏడాదంతా చూస్తారు. 1950ల చివరి నుంచి పొలాల్లో వాడిన డీల్డ్రిన్ లాంటి పురుగుమందుల వల్ల నీటికుక్కలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ మందులు ఆపి, 1978లో చట్టంతో కాపాడాక మెల్లగా తిరిగొచ్చాయి, 2011 నాటికి ఇంగ్లండులో ప్రతి కౌంటీలోనూ వాటి జాడ దొరికింది. ఆ మధ్య దశాబ్దాల్లో తవ్విన చెరువులకి కంచెలు లేవు, అవసరం రాలేదు మరి. చంపే హక్కు ఎవరికీ లేదు కాబట్టి ఇప్పుడు అందరూ కంచెలు కడుతున్నారు, కంచె లోపల చిక్కుకున్నదాన్ని బయటికి పంపాలన్నా లైసెన్సు ఉండాలి.

మన దగ్గర చట్టం ఇంకా గట్టిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత మన నీటికుక్క షెడ్యూల్ ఒకటిలో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. చంపినా, ఉచ్చు పెట్టి పట్టినా మూడు నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం పాతిక వేల జరిమానా. విషం పెట్టిన చేప విసిరేద్దాం అనే మహానుభావులకి ఒక మాట: ఆ చేపని ముందు తినేది మీ కాపలా కుక్క, మిగిలిన విషం వెళ్ళేది మీరు అమ్ముకునే చేపలున్న నీళ్ళలోకే.

ఇక కంచె. రెండెకరాల చుట్టూ ఒకేసారి కట్టాలని లేదు, నీటికుక్క వచ్చే దారి కనిపెడితే సగం పని అయినట్టే. డ్రెయిను వైపు గట్టు, తూము, గడ్డి బాగా పెరిగిన మూల, సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి. వెల్డ్ మెష్ (అతికిన ఇనుప తీగల జాలీ) వాడండి, సందు రెండంగుళాలు మించకూడదు. పాత చేపల వల మాత్రం వద్దు. నీటికుక్క దాన్ని కొరికేస్తుంది, లేదంటే చుట్టుకుని చస్తుంది, అప్పుడు కేసు మీ మెడకి చుట్టుకుంటుంది. ఎత్తు నాలుగడుగులు, పైన ఒక అడుగు బయటి వైపుకి వంచాలి. అసలు పని కింద ఉంది. మెష్‌ని ఒక అడుగు లోతున పాతి, చివర బయటి వైపుకి మడవండి, ఎందుకంటే నీటికుక్క కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, మడిచిన మెష్ గోళ్ళకి తగిలి ఆగిపోతుంది. మేం మొదటిసారి పాతకుండా కట్టాం, నాలుగో రోజుకి కంచె కింద చక్కగా ఒక సొరంగం. తూముకీ పైపులకీ ఇనుప చువ్వల జాలీ బిగించి వారానికోసారి చెత్త తీయండి, లేకపోతే జాలీ పూడిపోయి వానాకాలంలో గట్టే తెగుతుంది.

మెష్‌కి అంత ఖర్చు వద్దనుకుంటే సోలార్ ఝట్కా మెషీన్‌తో (తీగలోకి ఆగి ఆగి చిన్న షాక్ వదిలే పెట్టె) రెండు తీగలు లాగవచ్చు, ఒకటి నేలకి అరడుగు ఎత్తులో, ఇంకోటి అడుగు ఎత్తులో. గడ్డి తీగకి తగిలితే షాక్ అంతా నేలలోకే పోతుంది కాబట్టి కింద గడ్డి కోస్తూనే ఉండాలి. ఇంటి కరెంటు నేరుగా తీగకి ఇవ్వడం మాత్రం కలలో కూడా అనుకోకండి. అడవి పందుల కోసం అలా పెట్టిన తీగలకి మనుషులు పోయిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని చదవలేదు. చెరువు గట్టంటే తడి నేల, చీకట్లో మేత వేయడానికి వెళ్ళేది మీ మనిషే.

లైట్లు, రేడియో, దిష్టిబొమ్మ గురించి అడుగుతారు. నాలుగు రోజులు పనిచేస్తాయి, తర్వాత నీటికుక్క వాటికి అలవాటు పడిపోతుంది. పట్టుబడి ముందు ఆ నాలుగు రోజులే కావాలి కాబట్టి అప్పుడు వాడుకోండి. నీళ్ళు తోడి చేపలన్నీ ఒక మూలకి చేరిన రాత్రి కంటే సులువైన వేట వాటికి ఇంకోటి ఉండదు, ఆ రాత్రులు మనిషి కాపలా తప్పదు. వేసవిలో కాలువలు కట్టేశాక కూడా జాగ్రత్త, డ్రెయిన్లలో నీళ్ళు లేక అవి చెరువుల దారి పడతాయి. చెరువు మధ్యలో కంప వేస్తే చేపలకి దాక్కునే చోటు దొరుకుతుంది, విసురు వలవాళ్ళకీ చిక్కు. పట్టుబడి ముందు దాన్ని లాగే కూలి మాత్రం లెక్కలో వేసుకోండి.

గాలం వేసేవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. పట్టిన చేపని తాడుకి గుచ్చి నీళ్ళలో వేలాడదీసి టీకి వెళ్ళిపోతారు, పేగులు గట్టు మీదే పారేస్తారు. అది నీటికుక్కకి ఆకేసి వడ్డించడమే. తెగిన తంగూసు, గాలాలు కూడా ఏరి తీసుకెళ్ళండి, నీటికుక్క కాళ్ళకి చుట్టుకుంటే దానికి విడిపించుకునే దారి లేదు.

కంచె అయ్యాక లోపలే ఒక నీటికుక్క ఉండిపోయిందని తెలిస్తే తరమకండి, వల వేయకండి, ముఖ్యంగా గట్టులో బొరియ ఉంటే తవ్వకండి, లోపల పిల్లలుండొచ్చు. అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేసి, అది వచ్చిన వైపే ఒక మెష్ పలక ఊడదీసి, ఆ ముందు మెత్తటి బురద పరచండి. ఐదు వేళ్ళ అడుగులు బయటి వైపుకి పడి, తర్వాత వారం రోజులు కొత్త పెంట కనబడకపోతే పలక మళ్ళీ బిగించేయండి.