అడగని సర్వీసుకు డబ్బులు కట్ అయ్యాయా? వెనక్కి రాబట్టడం ఇలా

జాతకం మెసేజ్‌లు, గేమ్స్, క్రికెట్ అలర్ట్‌లు. మనం అడక్కపోయినా పోస్ట్‌పెయిడ్ బిల్లులో వ్యాల్యూ యాడెడ్ సర్వీస్ పేరుతో ఎంతో కొంత వచ్చి కూర్చుంటుంది. ప్రీపెయిడ్ అయితే బ్యాలెన్స్ కరిగిపోతుంది. జనం తిట్టుకుని వదిలేస్తారు, లేదంటే కస్టమర్ కేర్‌తో గొడవపడి ఊరుకుంటారు. రెండూ దండగే.

ముందుగా బిల్లుకూ, వచ్చిన మెసేజ్‌లకూ స్క్రీన్‌షాట్లు తీయండి. సర్వీసు పేరు, తేదీ, మొత్తం కాగితం మీద రాసుకోండి. కాగితమే కావాలి, మాట్లాడుతూ ఫోన్లో వెతుక్కోవడం కుదరదు. ప్రీపెయిడ్ వాళ్లు కూడా గత 6 నెలల్లోపు వాడకం వివరాలు అడగవచ్చు, అందుకు కంపెనీ 50 రూపాయలకు మించి తీసుకోకూడదు.

తర్వాత ఆ సర్వీసు ఆగిపోవడానికి 155223కి స్టాప్ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పంపండి. వచ్చే జవాబును చెరిపేయొద్దు. కొందరు 1909కి డీఎన్‌డీ పెట్టించి పని అయిపోయిందనుకుంటారు. అది ప్రచార కాల్స్, మెసేజ్‌ల కోసం. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక అసలు పని, కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి ఫోన్ చేయడం. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అవతలి వాళ్లు మర్యాదగా "సర్వీసు తీసేశాం సార్, ఇంకేమైనా సహాయం కావాలా?" అంటారు. మీరు థాంక్స్ చెప్పి పెట్టేస్తే డబ్బు పోయినట్టే. సర్వీసు ఆపమనడం వేరు, డబ్బు కోసం ఫిర్యాదు చేయడం వేరు. మొదటి మాటే ఇలా ఉండాలి: "నా అనుమతి లేకుండా డబ్బు కట్ చేశారు, రీఫండ్ కోసం ఫిర్యాదు నమోదు చేయండి."

"మీరే ఏదో నొక్కి ఉంటారు" అంటే కంగారు పడొద్దు. 2013 జూలైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం ఒక్కసారి నొక్కితే చాలదు, రెండోసారి కూడా మీ సమ్మతి తీసుకోవాలి. అందుకే ఒకే ప్రశ్న పట్టుకోండి: "ఆ రెండో సమ్మతి ఏ తేదీన, ఏ టైమ్‌కి, ఏ పద్ధతిలో తీసుకున్నారు?" గొంతు పెంచకండి. అరిస్తే ఆ అరుపే విషయమైపోతుంది. డాకెట్ నంబర్, అంటే మీ ఫిర్యాదు నంబర్, మెసేజ్‌గా వచ్చేదాకా ఫోన్ పెట్టకండి. వాళ్లు నోటితో చెప్పే నంబరుతో సరిపెట్టుకోకండి. సోషల్ మీడియాలో కంపెనీని ట్యాగ్ చేసి లైకులు లెక్కపెట్టుకునే వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. డాకెట్ నంబర్ లేకుండా పైకి వెళ్లే దారే లేదు.

ఈలోగా బిల్లు ఎగ్గొట్టొద్దు. లేట్ ఫీజు పడి అదో కొత్త తలనొప్పి.

మీ ఫిర్యాదును కంపెనీ గడువులోపు తేల్చకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పీలేట్ అథారిటీకి వెళ్లండి. ఫిర్యాదు గడువు ముగిశాక 30 రోజుల్లోపు అప్పీలు చేయాలి. ఫీజు లేదు. వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. నేరుగా ట్రాయ్‌కి రాయకండి, అది ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు. అప్పీలులో కథ అక్కర్లేదు. డాకెట్ నంబర్, తేదీ, మొత్తం, స్క్రీన్‌షాట్లు, ఆ రెండో సమ్మతి ప్రశ్న పెడితే చాలు.