ఫైల్ పేరులో స్పేస్ ఉంటే

బాష్‌లో (టైప్ చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఫర్ లూప్ పెట్టి, అంటే ఒకే కమాండ్‌ని ఒక్కో ఫైల్ మీదా వరసగా నడిపి, ఫోల్డర్‌లోని టెక్స్ట్ ఫైళ్లన్నీ ఒకేసారి మారుస్తుంటారా? ఫైల్ పేరు ఉండే వేరియబుల్‌కి డబుల్ కోట్స్ పెట్టడం మర్చిపోకండి. లేకపోతే ‘జనవరి బిల్లు.టీఎక్స్‌టీ’ అనే ఒక్క ఫైల్‌ని అది ‘జనవరి’, ‘బిల్లు.టీఎక్స్‌టీ’ అని రెండు ముక్కలు చేసి, రెండూ లేవంటుంది. ఎర్రర్ వస్తే అదృష్టమే. లూప్‌లో ఉన్నది ఫైళ్లను చెరిపేసే ఆర్‌ఎమ్ కమాండ్ అయి, నిజంగానే ‘బిల్లు.టీఎక్స్‌టీ’ అని ఇంకో ఫైల్ ఉంటే? అడక్కుండానే అది కాస్తా ఎగిరిపోతుంది. నాకోసారి అలాగే పోయింది, రీసైకిల్ బిన్‌లోనూ దొరకదు.

ఫైళ్లలోని టెక్స్ట్‌ని మార్చే సెడ్ కమాండ్ వాడేటప్పుడు కూడా, మార్పుల్ని నేరుగా అసలు ఫైల్‌లోనే రాసేసే మైనస్ ఐ ఆప్షన్ ఒక్కటే పెట్టొద్దు. దాని వెంటనే, మధ్యలో స్పేస్ లేకుండా, డాట్ బీఏకే అని తగిలించండి. ప్రతి ఫైల్‌కీ పాత కాపీ పక్కనే ఉంటుంది. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఇలాగే పనిచేస్తుంది.