తక్కువ ఖర్చుతో సంసారం – 5వ పాఠం: విజిల్స్ లెక్కపెట్టడం మానండి

ఈసారి నూనె ఖర్చు గురించి రాస్తానని చెప్పాను గాని అది పక్కన పెట్టేస్తున్నా. పోయిన పాఠంలో గడ్డిబుట్ట వంట చెప్పాను కదా, గిన్నె బాగా మరిగాక పొయ్యి ఆపేసి, వరిగడ్డి కూరిన బుట్టలో పెట్టి పైన బొంత కప్పేస్తే మిగతాది దానంతట అదే ఉడికిపోతాది అని, దాని మీద వచ్చిన ప్రశ్నలు చూశాక ముందుకి వెళ్ళబుద్ధి కాలేదు. సగం మందికి పైగా "పప్పు ఉడకలేదండి, మళ్ళీ పొయ్యెక్కించాం, ఉన్న గ్యాస్ కూడా పోయింది" అన్నారు. గ్యాస్ మిగుల్చుకుందామని మొదలెట్టి ఇంకా ఎక్కువ కాల్చుకుంటే ఎవరికైనా ఉసూరుమంటాది. ఒడిశాలో మన గజపతి, రాయగడ జిల్లాల వైపు చాలా ఇళ్ళల్లో రేషన్ బియ్యం 2023 జనవరి నుంచి ఉచితంగానే వస్తున్నాయి గాని వాటిని ఉడకబెట్టే గ్యాస్ మాత్రం డబ్బులెట్టి కొనుక్కోవాల్సిందే. అందుకని ముందు ఈ ఉడకని పప్పు సంగతి తేల్చేద్దాం.

మొదటిది గిన్నె సైజు. రాయగడ జిల్లా గుణుపూర్‌లో రూమ్ తీసుకుని చదువుకునే కుర్రాళ్ళు ఇద్దరు గ్లాసుడు బియ్యం మరిగించి బుట్టలో పెట్టారంట, పలుకుపలుకుగా మిగిలిపోయాయంట. బాబూ, గ్లాసుడు బియ్యం గిన్నెలో ఉండే వేడే కొంచెం, అది గడ్డిని వెచ్చబెట్టేసరికే అయిపోతాది. బుట్ట వంట పెద్ద గిన్నెకే గాని చిన్న గిన్నెకి కాదు, లోపల సరుకు, నీళ్ళు కలిపి కనీసం రెండు లీటర్లన్నా ఉండాలి, గిన్నె నిండుగా ఉండాలి, మధ్యలో మూత తీసి చూడకూడదు. ఇద్దరికి వండుకునేవాళ్ళు బుట్ట జోలికే వెళ్ళొద్దు, కింద చెప్పే కుక్కర్ పద్ధతి చాలు.

రెండోది పులుపు. మన తెలుగోళ్ళకి పప్పులో పులుపు పడకపోతే ముద్ద దిగదు, అది నాకూ తెలుసు, మామిడికాయ పప్పు లేని వేసవి వేసవే కాదు. కానీ చింతపండు గాని టమాటా గాని చుక్కకూర గాని పప్పు మెత్తబడక ముందే వేశారా, అది గంటసేపు మంట మీదున్నా గట్టిగానే ఉంటాది. గింజ లోపల పెక్టిన్ అనే జిగురు ఒకటి ఉంటాది, అది కరిగితేనే పప్పు మెదుగుతాది, పులుపు తగిలితే అది త్వరగా కరగదు. మన పక్కింటి ఒడియావాళ్ళు దాల్మా చేస్తారు కదా, కందిపప్పులోనే అరటికాయ, గుమ్మడికాయ, బొప్పాయికాయ ముక్కలు పడేసి ఒకే గిన్నెలో దించేస్తారు, అంత సులువుగా ఎందుకు అవుతాదంటే అందులో పులుపు లేదు కాబట్టి. నెల ఆఖర్లో మా ఇంట్లో దాల్మానే ఎక్కువ, కూరా పప్పూ రెండూ ఒక మంట మీద అయిపోతాయి. మామిడికాయ పప్పే కావాలంటే ముక్కల్ని చిన్న స్టీల్ గిన్నెలో వేసి కుక్కర్లో పప్పు మీద పెట్టండి, అన్నీ ఉడికాక కలుపుకోండి. ఉప్పు ముందు వేస్తే పప్పు ఉడకదని పెద్దవాళ్ళు అంటుంటారు గాని దానికి అంత భయపడక్కర్లేదు, ఉలవలు, బొబ్బర్లు లాంటి తొక్క ఉన్న గింజల్ని ఉప్పు నీళ్ళలో నానబెడితే తొక్క ఇంకా మెత్తబడతాది కూడా.

మూడోది నీళ్ళు. బోరు నీళ్ళు వాడేవాళ్ళు ఒకసారి మీ టీ గిన్నె అడుగు చూడండి, తెల్లగా సున్నం పొర కట్టిందా? ఆ నీళ్ళలో పప్పు ఉడకడం కష్టం, ఆ సున్నం వెళ్ళి ఇందాక చెప్పిన జిగురునే బిగించేస్తాది. పప్పుకి మాత్రం కుళాయి నీళ్ళో, వానాకాలంలో పట్టుకున్న వాన నీళ్ళో వాడుకోండి, అదీ లేకపోతే టీ పెట్టేటప్పుడు కాసిని ఎక్కువ నీళ్ళు మరిగించి, చల్లార్చి, పైన తేరిన నీళ్ళు తీసుకోండి. వంటసోడా చిటికెడు వేస్తే ఉడుకుతాది నిజమే, ఉలవలకైతే నేను ఏమీ అనను, కందిపప్పుకి మాత్రం వద్దు, రుచి పోతాది, బి1 విటమిన్ కూడా పోతాది. ఇంక పాత పప్పు. ఏడాది పైబడి డబ్బాలో ఉన్న పప్పుని ఎంత నానబెట్టినా పూర్తిగా మెత్తబడదు, దాన్ని వేయించి పొడి చేసుకోండి. చవగ్గా వచ్చిందని ఒకేసారి పది కేజీలు కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రాజ్మా సరాసరి బుట్టలో పెట్టొచ్చా అని ఒకరు అడిగారు. వద్దు. ఎర్ర రాజ్మాలో కడుపు పాడుచేసే పదార్థం ఉంటాది, నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు తెర్లుతూ మరగాలి, గోరువెచ్చగా నానిపోతే అది పోదు. రాజ్మా కుక్కర్లోనే చేసుకోండి.

ఇప్పుడు విజిల్స్. ఎవరు ఏమడిగినా చివర్లో "ఎన్ని విజిల్స్ రానివ్వాలి మేడం?" అనే ఉంటాది. దయచేసి ఈ ప్రశ్న వదిలేయండి. కుక్కర్లో నీళ్ళు మరిగి ఆవిరి నిండి లోపల ఒత్తిడి ఒక స్థాయికి వచ్చాక వెయిట్ పైకి లేస్తాది, అప్పటికి లోపల వేడి సుమారు 120 డిగ్రీలు. మామూలు గిన్నెలో 100 దాటదు, కోరాపుట్ లాంటి ఎత్తు ప్రాంతంలో 97 దగ్గరే నీళ్ళు మరిగిపోతాయి, అక్కడ గిన్నెలో పప్పు ఇంకా ఆలస్యం అవడానికి కారణం అదే. వెయిట్ ఒకసారి లేచిందంటే ఇంక మీరు ఎంత మంట పెట్టినా లోపల 120 కాస్తా 130 అవదు, అదనంగా పెట్టిన మంటంతా ఆవిరై చుయ్యిమని బయటికి పోతాది. అంటే ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా మీరు డబ్బులిచ్చి కొన్న గ్యాస్ వంటగది కప్పుకి తగులుతోందని అర్థం. పప్పుని ఉడికించేది ఆ వేడిలో అది ఎంతసేపు ఉంది అన్నదే గాని ఎన్నిసార్లు కూసింది అన్నది కాదు. పెద్ద మంట మీద మూడు లీటర్ల కుక్కర్ రెండు నిమిషాల్లో నాలుగుసార్లు కూస్తాది, అదే నాలుగు కూతలు ఐదు లీటర్ల దాంట్లో సన్న మంట మీద రావాలంటే పావుగంట పట్టొచ్చు. మరి "నాలుగు విజిల్స్" అని మీ వదిన చెప్పింది ఏ కుక్కర్‌కి? ఏ మంటకి? వాషర్ కొంచెం వదులైతే అసలు కూతే రాదు, ఆవిరి పక్క నుంచి పోతా ఉంటాది, అప్పుడు లెక్కపెట్టుకుంటా కూర్చుంటే అడుగంటుతాది.

చేయాల్సింది ఇది. కందిపప్పు అరగంట నుంచి గంట నానబెట్టండి, పప్పుకి రెండున్నర రెట్లు నీళ్ళు, చిటికెడు పసుపు, ఒక చుక్క నూనె, నూనె వేస్తే నురగ పొంగి వెయిట్ కన్నం మూసుకుపోకుండా ఉంటాది. పెద్ద మంట మీద పెట్టండి, మొదటి విజిల్ రాగానే కుక్కర్‌ని చిన్న బర్నర్ మీదికి మార్చి సిమ్‌లో పెట్టండి, గడియారం చూసుకోండి, 5 నిమిషాలు, ఆపేయండి. సిమ్‌లో పెట్టాక కూడా నిమిషానికోసారి కూస్తోందంటే మంట ఇంకా ఎక్కువుందని, ఇంకా తగ్గించండి. సరైన మంట మీద వెయిట్ దగ్గర సన్నగా సుయ్‌మని ఆవిరి చప్పుడు ఉంటాది గాని కూత ఉండదు. చెవి దగ్గరగా పెడితే తెలుస్తాది, మొహం మాత్రం పైకి వంచకండి.

ఆపేశాక గరిటెతో వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇంట్లో పిల్లలు ఆకలంటున్నారనో ఆఫీసుకి లేటవుతోందనో. అది చేయి కాల్చే పని, పైగా మీరు కొన్న వేడిని పారబోయడం. పొయ్యి ఆపాక వెయిట్ దానంతట అది వదులయ్యే లోపు పది, పదిహేను నిమిషాలు లోపల వంట సాగుతానే ఉంటాది. గడ్డిబుట్టలో చేసిన పనే ఇది, కుక్కర్‌లో చిన్న ఇంటికి సరిపోయేలా. టైం లేదంటే పావుగంట ముందే పెట్టుకోండి, అంతకుమించి చిట్కా లేదు.

నేనైతే అడుగున పప్పు, దాని మీద గిన్నెలో నానబెట్టిన బియ్యం, ఆ పైన దుంపలో కాకరకాయలో పెట్టేస్తాను, ఒకే మంట. ఇలా మూడు పెట్టినప్పుడు సిమ్ 7, 8 నిమిషాలు కావాలి. రేషన్ ఉప్పుడు బియ్యం అయితే గంటసేపు నాననివ్వండి, ఆ బియ్యం మొండివి. టీకి మాత్రం కుక్కర్ పద్ధతి లేదు, రోజుకి నాలుగుసార్లు టీ పెట్టే ఇంట్లో పొద్దున ఒకేసారి పెట్టి ఫ్లాస్కులో పోసుకోవడమే, పాల టీ నాలుగైదు గంటలు దాటితే తాగకండి.

అన్నం జిగురొచ్చిందన్నవాళ్ళకి: బుట్టలో రాత్రంతా వదిలేశారు కాబట్టి. బుట్ట వేడిని పట్టి ఉంచుతాది గాని 60 డిగ్రీల కింద పడ్డాక ఆ గోరువెచ్చదనంలోనే కంటికి కనపడని సూక్ష్మక్రిములు పెరుగుతాయి. రెండు మూడు గంటల్లో తీసి తినేయాలి. చద్దన్నానికో, ఒడియావాళ్ళ నీళ్ళన్నం పఖాళకో అయితే అన్నం పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లార్చి, అప్పుడు కుండలో వేసి నీళ్ళు పోయండి.

గ్యాస్ బండ తేలికయ్యాక పడుకోబెట్టి వాడటం, వేడి నీళ్ళ బకెట్లో పెట్టడం ఎవరో చెప్పారని ఇద్దరు రాశారు. చేయకండి, ఎంత డబ్బు ఇబ్బంది ఉన్నా చేయకండి. పడుకోబెడితే లోపలున్న ద్రవం ఆవిరి అవకుండానే పైపులోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగుస్తాది. ఎంత మిగిలిందో తెలియాలంటే తడిగుడ్డతో బండ చుట్టూ తుడవండి, గ్యాస్ ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరతాది, గీత కనిపిస్తాది.

ఇంక అభ్యాసం. ఈసారిది కష్టంగానే ఉంటాది, అయినా చేయండి. కొత్త బండ వచ్చినప్పుడు డెలివరీ అబ్బాయి ముందే తూకం వేయించుకోండి, బండ మెడ దగ్గర ఖాళీ బరువు రాసి ఉంటాది, దానికి 14.2 కేజీలు కలిపితే రావాలి. తర్వాత ఒక వారం మీరు ఎప్పుడూ వండేలాగే వండండి, ఏడో రోజు రాత్రి రెగ్యులేటర్ ఆపి, తీసేసి, బండని నిలువుగా మనుషుల బరువు చూసే మిషన్ మీద పెట్టి ఎంత తగ్గిందో రాయండి. రెండో వారం అవే వంటలు, అదే రోజుకి అవే, సిమ్ పద్ధతిలో, నానబెట్టి. మళ్ళీ తూకం. మధ్యలో చుట్టాలొచ్చారా, ఆ వారం లెక్కలోకి రాదు, కొత్తగా మొదలెట్టండి. బండ 40 రోజులొచ్చే ఇంట్లో రోజుకి సుమారు 355 గ్రాములు కాలుతున్నట్టు, అదే 50 రోజులు రావాలంటే 284కి తేవాలి, అంటే రోజుకి 70 గ్రాముల పైమాట. మీ రెండు వారాల అంకెలు, ఇంట్లో ఎంతమంది, కుక్కర్ ఎన్ని లీటర్లది, ఈ మూడూ రాసి పంపండి. విజిల్స్ ఎన్నో రాయక్కర్లేదు.